చెరసాల గోడలు మారాయి, జామీను మారలేదు
(ఎల్.బి.నగర్‌లో బస్తీ కమిటీల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేటి సభలో చెరసాలల చరిత్రను గురించి, వాటి సంస్కరణను గురించి మాట్లాడవలసిందిగా మమ్మల్ని కోరారు. విద్య, వక్ఫు, ఉపాధి వంటి విషయాలు ఉండగా జైళ్ల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. చంచల్‌గూడ కేంద్ర కారాగారం మనకు కూతవేటు దూరంలో ఉన్నది. రంగారెడ్డి జిల్లా న్యాయస్థానాలు మన ఎల్.బి.నగర్‌లోనే ఉన్నాయి. బాలుర పరిశీలక గృహం సైదాబాదులో ఉన్నది. అరెస్టయిన పేదవాడు నడిచే దారి అంతా మన బస్తీల మధ్య నుండే సాగుతున్నది. ఆ దారిని గురించి మనకు తెలియకపోవడం మంచిది కాదు.

ముందుగా చరిత్రను సంక్షిప్తంగా మనవి చేస్తాము.

నేటి తెలంగాణలోని పాత కారాగారాలలో సంగారెడ్డి జైలు ఒకటి. అది 1796లో, రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ కాలంలో నిర్మితమైంది. చంచల్‌గూడ జైలు 1876లో, వరంగల్లు జైలు 1886లో వచ్చాయి. అటు ఆంగ్లేయుల పాలనలోని ప్రాంతాలలో మెకాలే సభ్యుడుగా ఉన్న సంఘం 1838లోనే జైళ్లపై నివేదిక సమర్పించింది. ఖైదీకి చదువు, నీతిబోధ అనవసరమనీ, శిక్ష భయపెట్టేదిగా ఉండాలనీ దాని అభిప్రాయం. ఆ దృక్పథమే 1894 నాటి కారాగారాల చట్టంలోనూ కనిపిస్తుంది. గోడలు, తాళాలు, సంకెళ్లు, క్రమశిక్షణ, దండన మొదలైన వాటికి ఆ చట్టంలో విస్తారమైన చోటు దొరికింది. మనిషి బాగుపడటానికి దొరికిన చోటు అత్యల్పం. 1919-20 నాటి భారత జైళ్ల సంఘం మొదటిసారిగా ఖైదీని సంస్కరించడం, సమాజంలో తిరిగి నిలబెట్టడం జైలు లక్ష్యాలలో భాగమని చెప్పింది.

మన హైదరాబాదు చరిత్రలో చెరసాల కథ స్వాతంత్ర్య పోరాట కథ కూడా. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి బ్రిటిష్ రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్ దీవులకు పంపారు. ఆయన అక్కడే కన్నుమూశారు. నిజాం పాలన చివరి దినాలలో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి నిజామాబాదు జైలులో బందీలుగా ఉన్నారు. దాశరథి ఆ గోడలపై బొగ్గుతో పద్యాలు వ్రాశారు. ఆళ్వారుస్వామి తాను చూసిన ఖైదీల బ్రతుకులను 'జైలు లోపల' అన్న కథల సంపుటిగా మలిచారు. మఖ్దూం మొహియుద్దీన్ స్వతంత్ర భారతంలోనూ జైలుకు వెళ్లారు. మౌల్వీ, కవి, కమ్యూనిస్టు, దొంగతనం మోపబడిన కూలీ, అందరూ అవే గోడల వెనుక ఉన్నారు. తేడా ఒక్కటే. మొదటి ముగ్గురి పేర్లు చరిత్రలో మిగిలాయి, కూలీ పేరు ఎక్కడా మిగలలేదు. నేటి మా ప్రసంగం ఆ నాలుగవవాని గురించి.

స్వాతంత్ర్యం తరువాత సంస్కరణ ఆగిపోలేదు. 1950వ దశకంలోనే మౌలాలీ వద్ద బహిరంగ కారాగారం ఏర్పడింది. సత్ప్రవర్తన గల ఖైదీలు గోడలు లేనిచోట వ్యవసాయం చేసుకుంటూ శిక్షాకాలం గడిపే పద్ధతి అది. చర్లపల్లిలోని ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఆ మార్గంలోనిదే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1979లో రాష్ట్రానికి కారాగారాల నియమావళి వచ్చింది. 1980లో నియమించిన జస్టిస్ ముల్లా కమిటీ 1983లో దేశంలోని జైళ్ల దుస్థితిపై సమగ్ర నివేదిక ఇచ్చింది. 2003లో, 2016లో నమూనా జైలు మాన్యువళ్లు, 2023లో నమూనా కారాగారాల చట్టం వచ్చాయి. అయితే రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం జైళ్లు రాష్ట్రాల జాబితాలోనివి. ఢిల్లీలో ఎన్ని నమూనాలు తయారైనా వాటిని అమలు చేయవలసినది రాష్ట్ర ప్రభుత్వమే.

న్యాయస్థానాలు చేసిన మేలును కూడా చెప్పుకోవాలి. అందులో మన తెలుగు నేల నుండి వెళ్లిన కేసులు తక్కువేమీ కావు. విశాఖపట్నం జైలులోని నక్సలైటు ఖైదీల కేసులో 1974లో సుప్రీంకోర్టు వారి పిటిషన్‌ను అంగీకరించకపోయినా, శిక్ష పడినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నిటినీ కోల్పోడని స్పష్టం చేసింది. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో దుండగులు బాంబులు విసరగా రిమాండులో ఉన్న వ్యక్తి ఒకరు మరణించారు. ఖైదీ ప్రాణరక్షణ ప్రభుత్వ బాధ్యత అని, దానికి పరిహారం చెల్లించవలసిందేనని 2000లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తల్లులతోపాటు జైలులో పెరుగుతున్న పసిపిల్లల విషయమై ఆర్.డి.ఉపాధ్యాయ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 2006లో వెలువడిన తీర్పు మరొకటి. జైలులో పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో జైలు పేరు వ్రాయరాదని, ఆరేళ్ల వరకు తల్లి వద్ద ఉండనిస్తూ ఆ పిల్లలకు ఆహారం, వైద్యం, చదువు సమకూర్చాలని ఆ తీర్పు ఆదేశించింది. 2024 అక్టోబరులో జైళ్లలో కులాన్నిబట్టి పనులు పంచే నియమాలను సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసి, రిజిస్టర్లలో కులం గడిని తొలగించమన్నది.

తెలంగాణ ఏర్పడిన తరువాత కూడా కొంత మంచి మార్పు వచ్చింది. నిరక్షరాస్యులైన ఖైదీలకు 'విద్యాదానం' పేరుతో అక్షరాలు నేర్పారు. ఖైదీలు తయారుచేసే వస్తువులు 'మై నేషన్' పేరుతో బజారులోకి వచ్చాయి. జైళ్ల శాఖ పెట్రోలు బంకులను మనమందరం చూస్తూనే ఉన్నాము. సంగారెడ్డి పాత జైలును 2016లో మ్యూజియంగా మార్చి, 500 రూపాయలు చెల్లించినవారు ఒక రోజు ఖైదీ జీవితం అనుభవించే ఏర్పాటు చేశారు. ముషీరాబాదు జైలు ఉన్న స్థలంలో నేడు గాంధీ ఆసుపత్రి నిలిచింది, జైలు చర్లపల్లికి చేరింది. వరంగల్లు కేంద్ర కారాగారాన్ని 2021లో ఆసుపత్రి కోసం కూల్చి, ఖైదీలను చర్లపల్లికి, ఇతర జైళ్లకు తరలించారు. ఆసుపత్రులు రావడం సంతోషమే. కాని జైలు ఊరికి దూరమైన కొద్దీ ములాఖత్‌కు వెళ్లే తల్లికి ఒక రోజు కూలీ, బస్సు ఛార్జీలు అదనపు శిక్ష అవుతాయి.

సోదరులారా, ఇంతవరకు చెప్పినదంతా గోడ లోపలి సంస్కరణ. అది అవసరమే. కాని జైలులో ఉన్నవారు ఎవరు అన్న ప్రశ్న వేసుకుంటే అసలు సమస్య గోడ బయట కనిపిస్తుంది.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివర దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి 100 మందిలో 75 మందికి పైగా నేరం రుజువు కానివారు. ఇదే సంస్థ 2019 లెక్కలలో ముస్లిములు శిక్ష పడినవారిలో 16.6 శాతం, విచారణ ఖైదీలలో 18.7 శాతం, ముందస్తు నిర్బంధంలో ఉన్నవారిలో 35.8 శాతం. 2011 జనాభా లెక్కలలో మన వాటా 14.2 శాతం. నేరం రుజువు చేయవలసిన అవసరం తగ్గిన కొద్దీ మన వాటా పెరుగుతున్న తీరును గమనించండి. ఇది ముస్లిముల కథ మాత్రమే కాదు. అదే ఏడాది విచారణ ఖైదీలలో దళితులు 21 శాతం, ఆదివాసులు 10.5 శాతం. జనాభాలో వారి వాటాకన్నా ఇవి ఎక్కువే. పేదరికం, వివక్ష కలిసిన చోట జైలు తలుపు తెరుచుకోవడం తేలిక, మూసుకున్న తరువాత బయటపడటం కష్టం.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన జంట పేలుళ్లను మనలో ఎవరూ మరువలేదు. బస్సు కోసం నిలబడినవారు, టీ త్రాగుతున్నవారు ప్రాణాలు కోల్పోయారు. ఆ కేసులో 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం ఐదుగురికి మరణశిక్ష విధించగా, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు ధ్రువీకరించింది. నేరానికి విచారణ, శిక్ష ఉండాలన్న విషయంలో మనకు రెండో మాట లేదు. అయితే అంతకు ముందు, 2007 మే 18న మక్కా మసీదు పేలుడు తరువాత ఈ నగరంలోని ముస్లిం యువకులను అనేకులను పట్టుకుపోయారు. వారిని హింసించారన్న ఫిర్యాదులపై రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున న్యాయవాది ఒకరు విచారణ జరిపి నివేదిక ఇచ్చారు. న్యాయస్థానాలు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టిన తరువాత ప్రభుత్వం కొందరికి పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. నిర్దోషిగా తేలినవాని పోయిన దినాలకు వెల ఎవరు కట్టాలన్న ప్రశ్న చట్టంలో నేటికీ తెగలేదు. నేరస్తుని శిక్షించడం, నిర్దోషిని కాపాడటం ఒకే న్యాయానికి రెండు చేతులు. ఒకటి లేకపోతే రెండవది కూడా బలహీనపడుతుంది.

ఇక జామీను సంగతి. మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన కాలంలో సాల్వెన్సీ పత్రాల కోసం వచ్చేవారిని ఏళ్ల తరబడి చూశాము. ఉద్యోగ విరమణ తరువాత బస్తీ పనిలో కాగితానికి అవతలి వైపును చూశాము. కొత్తపేటలో పండ్ల మార్కెట్టు ఉన్న రోజుల్లో ఒక హమాలీ చిన్న కొట్లాట కేసులో అరెస్టయ్యాడు. ఒక న్యాయస్థానం అతనికి బెయిలు ఇచ్చింది, ఇద్దరు జామీనుదారులు కావాలన్నది. అతను అద్దె ఇంటివాడు. బంధువులు పొరుగు జిల్లాలో ఉన్నారు, వారి కాగితాలు చెల్లలేదు. తోటి హమాలీలు ముందుకు వచ్చారు, కాని వారి పేరున ఇంటిపన్ను రసీదు లేదు, జీతం పత్రం లేదు. బెయిలు వచ్చిన తరువాత కూడా అతను మూడు వారాలు జైలులోనే ఉన్నాడు. ఆ మూడు వారాలలో ఇంటి అద్దె తప్పింది, పెద్ద కూతురు బడి మానేసింది. అతనిని జైలులో ఉంచినది నేరం కాదు, ఇంటిపన్ను రసీదు లేకపోవడం.

ఈ అన్యాయం కొత్తది కాదు. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో 10,000 రూపాయల జామీను అడిగి, అతని సోదరుని ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదని మేజిస్ట్రేటు నిరాకరించాడు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ధోరణిని తీవ్రంగా తప్పుపట్టారు. మరుసటి ఏడాది బీహారు జైళ్లలో, పడదగిన శిక్షకన్నా ఎక్కువకాలం విచారణ లేకుండా మగ్గిన వేలాది మంది విషయం సుప్రీంకోర్టుకు వచ్చింది. సత్వర విచారణ జీవించే హక్కులో భాగమని చెప్పిన ఆ తీర్పు హుస్సేనారా ఖాతూన్ పేరుతో ప్రసిద్ధమైంది. 2023 సెప్టెంబరులో అమీనా బేగం వర్సెస్ తెలంగాణ ప్రభుత్వం కేసులో, ముందస్తు నిర్బంధ చట్టాన్ని తెలంగాణ పోలీసులు అలవోకగా ప్రయోగించడాన్ని సుప్రీంకోర్టు ఆక్షేపించి నిర్బంధాన్ని రద్దు చేసింది. ఆ బేగం మన నగరానికి చెందిన ఇల్లాలు. హైకోర్టులో ఓడినా ఆగక భర్త కోసం ఢిల్లీ దాకా వెళ్లారు. దేశమంతటా ఖైదీల హక్కులకు దారి చూపిన రెండు తీర్పులు ఇద్దరు ముస్లిం స్త్రీల పేర్లతో ఉన్నాయన్న సంగతి మన ఆడపిల్లలకు తెలియాలి.

చట్టం నేడు మునుపటికన్నా అనుకూలంగానే ఉన్నది. తెలియకపోవడమే లోటు. కనుక బస్తీ కమిటీలు, మసీదు కమిటీలు చేయదగిన పనులను వరుసగా మనవి చేస్తాము.

మొదటిది న్యాయ సహాయం. నిర్బంధంలో ఉన్న ప్రతి వ్యక్తికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయవాదిని పొందే హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను ఇచ్చింది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. ఈ నంబరును ప్రతి మసీదు నోటీసు బోర్డుపైన, ప్రతి బస్తీ కార్యాలయంలో వ్రాయించండి.

రెండవది బెయిలు వచ్చినా విడుదల కానివారి విషయం. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం బెయిలు ఉత్తర్వు ప్రతిని అదే రోజు లేదా మరునాడు జైలుకు పంపాలి. ఏడు రోజులలో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవల సంస్థకు తెలపాలి. నెల రోజులలో జామీను సమర్పించలేకపోతే న్యాయస్థానం తనంతట తానే షరతులను సడలించే విషయం పరిశీలించవచ్చు. స్థానిక జామీనే కావాలన్న పట్టుదల విడుదల ఆలస్యానికి ఒక కారణమని కూడా ఆ ఆదేశాలు గుర్తించాయి. ఈ నాలుగు మాటలు తెలిసిన మనిషి ప్రతి బస్తీలో ఒక్కరైనా ఉండాలి.

మూడవది కాలపరిమితి. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు ఆ నేరానికి గరిష్ఠ శిక్షలో మూడవ వంతు, ఇతరులు సగం కాలం జైలులో గడిపితే బెయిలుకు అర్హులు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలకు, ఒకటికన్నా ఎక్కువ కేసులున్న వారికి ఇది వర్తించదు. పాత కేసులకు కూడా ఈ నియమం వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తెలిపింది. న్యాయస్థానానికి దరఖాస్తు పంపవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుపై ఉన్నది. కుటుంబం ఒక అర్జీతో గుర్తుచేస్తే పని త్వరగా జరుగుతుంది.

నాలుగవది డబ్బు. 2023 నాటి కేంద్ర పథకం క్రింద పేద విచారణ ఖైదీకి బెయిలు కోసం, జరిమానా కట్టలేని శిక్షిత ఖైదీకి జరిమానా కోసం సహాయం అందుతుంది. కొన్ని ప్రత్యేక చట్టాల కేసులకు ఇది వర్తించదు. జిల్లా స్థాయిలో కలెక్టరుతో కూడిన కమిటీ దీనిని పరిశీలిస్తుంది. ఇక జకాత్ వ్యయం చేయవలసిన ఎనిమిది పద్దులలో బానిసత్వంలో ఉన్నవారి విముక్తి, రుణగ్రస్తులకు సహాయం ఉన్నాయని మనకు తెలుసు. ఉలమాలను సంప్రదించి, రంజాన్ వసూళ్లలో కొంత భాగం ఇందుకు కేటాయించే మార్గం ఆలోచించండి.

అయిదవది జామీనుదారుల జాబితా. సొంత ఇల్లు, పన్ను రసీదు, ఉద్యోగం ఉన్నవారు ప్రతి బస్తీలో పదిమంది ముందుకు రావాలి. దీనికి రెండు షరతులు. న్యాయస్థానాల చుట్టూ తిరిగే నకిలీ జామీను దళారుల నీడ మీపై పడనీయవద్దు. దొంగ కాగితం పెట్టడం నేరం, దానితో విడుదలైనవాడు మళ్లీ జైలుకే చేరుతాడు. రెండవది, జామీను ఉన్నవాడు వాయిదాకు హాజరు కాకపోతే పూచీ మొత్తం జామీనుదారు కట్టవలసి వస్తుంది. అందుచేత వాయిదాల తేదీలు కమిటీ పుస్తకంలో వ్రాసి, ముందురోజు గుర్తుచేసి, అవసరమైతే వెంట వెళ్లాలి. పూచీ అంటే సంతకం పెట్టి మరచిపోవడం కాదు.

ఆరవది పిల్లలు. 18 ఏళ్లు నిండని బిడ్డను పెద్దల జైలులో ఉంచరాదు. వయసుకు బడి ధ్రువపత్రం లేదా జనన ధ్రువపత్రం ముఖ్యమైన ఆధారం. మన ఇళ్లలో ఆ కాగితాలు లేకపోవడం వల్ల పిల్లలు పెద్దలుగా లెక్కకు వచ్చే ప్రమాదం ఉన్నది. ప్రతి బిడ్డ జనన ధ్రువపత్రాన్ని నేడే తీసిపెట్టుకోండి. తండ్రి జైలుకు వెళ్లిన ఇంటిలో బడి మానిన బిడ్డను తిరిగి బడికి పంపడం కూడా జైలు సంస్కరణలో భాగమే.

ప్రభుత్వాన్ని మనం కోరవలసినవి రెండు. జైళ్లలోని విచారణ ఖైదీలలో బెయిలు వచ్చినా జామీను లేక నిలిచిపోయినవారి సంఖ్యను ప్రతి మూడు నెలలకు ప్రకటించాలి. ముందస్తు నిర్బంధ ఉత్తర్వులు ఎన్ని ఇచ్చారో, వాటిలో న్యాయస్థానాలు ఎన్ని రద్దు చేశాయో కూడా ప్రజలకు తెలపాలి. లెక్క బయటికి వస్తేనే బాధ్యత మొదలవుతుందని గుమాస్తాగా పనిచేసిన మాకు బాగా తెలుసు.

చివరిగా ఒక మనవి. ఈ పనిలో మతం చూడవద్దు. జామీను లేక నిలిచిపోయినవాడు లంబాడా కావచ్చు, మాదిగ కావచ్చు, బీహారు నుండి వచ్చిన మేస్త్రీ కావచ్చు. మన జాబితాలో అతని పేరు కూడా ఉండాలి. మైనారిటీ హక్కుల కోసం మాట్లాడే మనం ఇతరుల హక్కు కోసం నిలబడినప్పుడే మన మాటకు బరువు వస్తుంది. వచ్చే శుక్రవారం నాటికి ప్రతి కమిటీ నుండి కనీసం ఇద్దరి పేర్లు, వారి ఫోను నంబర్లు అధ్యక్షులకు అందజేయవలసిందిగా కోరుతున్నాము. బందీలను విడిపించే పుణ్యకార్యంలో మనందరికీ అల్లాహ్ సహనాన్ని, శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్.